లోపలంతా నలుపు కొట్టించే ముందు

మా నాన్న 2012లో కొన్న కారు మూడేళ్లుగా నా దగ్గర ఉంది. కడిగి నిలబెడితే బయటికి ఇప్పటికీ వంక పెట్టలేం. తలుపు తీస్తేనే వయసు బయటపడుతుంది. లోపల బిస్కెట్ కలర్. షోరూంలో చూసినప్పుడు అమ్మకి అదే నచ్చింది, కొత్తగా సున్నం వేసిన గదిలా వెలుతురుగా ఉందని. పదేళ్లు దాటేసరికి నాన్న మోచెయ్యి ఆనించే చోట అరచెయ్యంత మేర జిడ్డు పట్టి నల్లబడింది. తలుపు లాగే పిడి దగ్గర వేళ్ల ముద్రలు, కింద స్పీకర్ జాలీ దగ్గర చెప్పులు తగిలిన గీతలు, సీటు అంచున జీన్స్ రాసుకుని నీలం మరక. తడిగుడ్డతో తుడిస్తే పోయేవి కావు.

పోయినేడు ఏప్రిల్‌లో ఒక షాపుకి తీసుకెళ్లాను. “బిస్కెట్ ఎందుకు మేడమ్, మొత్తం బ్లాక్ చేసేద్దాం. మధ్యాహ్నానికి బండి ఇచ్చేస్తాం” అన్నారు. నాలుగు డోర్ ప్యాడ్లకీ, అంటే తలుపులకి లోపలివైపు ఉండే తొడుగులకి, కలిపి ఆరు వేలు. ప్యాడ్లు ఊడదీయలేదు. చుట్టూ పేపర్లు అంటించి, కారులో ఉండగానే స్ప్రే గన్‌తో కొట్టేశారు. సాయంత్రం చూసుకుంటే నిజంగానే కొత్త కారులా ఉంది. ఆ రోజు ఫొటోలు తీసి అక్కకి కూడా పంపాను.

నెల తిరగలేదు. మేలో ఒకరోజు ఎండలో నిలబెట్టి వచ్చి తలుపు తీస్తే పిడి దగ్గర నలుపు ఉబ్బి ఉంది. గోరుతో కదిపితే లేచింది. పట్టుకుని లాగితే జానెడు పొడుగున ఒకే పొరగా ఊడి చేతికొచ్చింది. దాని కింద పాత బిస్కెట్ రంగు అలాగే ఉంది, జిడ్డుతో సహా.

అప్పటి నుంచి ఈ పని గురించి కనుక్కున్నదీ, దగ్గరుండి చేయించుకున్నదీ కలిపి రాస్తున్నాను. ఇప్పుడు చాలామంది పాత కార్ల లోపల నలుపు కొట్టిస్తున్నారు. వాళ్లకి నేను చెప్పదలచుకున్నది ఒకటే: డబ్బు రంగు మీద పెట్టకండి, కడగడం మీద పెట్టండి. కడిగిన తర్వాత ఆ కారుకి నలుపు అవసరమా లేదా అన్నది మళ్లీ ఒకసారి చూసుకోండి. నా కారు విషయంలో అవసరం లేదని తేలింది.

బెజవాడ ఆటోనగర్‌లో ఎన్నో ఏళ్లుగా లారీ క్యాబిన్లకీ కార్లకీ రంగులు వేస్తున్న ఒక పెద్దాయన ఉన్నాడు. అందరూ బాబాయ్ అనే పిలుస్తారు, నేనూ అంతే. ఊడిన పొర చేతిలో పెట్టి చూపిస్తే ఆయన ఆ షాపుని ఒక్క మాట అనలేదు. “మధ్యాహ్నానికి కావాలంటే ఇదే వస్తదమ్మా. రేపు పొద్దున ప్యాడ్ ఊడదీసి తీసుకురా” అన్నాడు.

తీసుకెళ్లాను. ముందు ప్యాడ్‌ని బోర్లా తిప్పాడు. వెనక మూలన, అచ్చులోనే పడిన చిన్న అక్షరాలు ఉన్నాయి: ‘పీపీ-టీడీ20’ అని. అది ఏ ప్లాస్టిక్కో చెప్పే గుర్తు. రీసైక్లింగ్ వాళ్ల కోసం వేస్తారు, కానీ పెయింటర్‌కి అంతకంటే పనికొచ్చే సమాచారం ఆ కారులో ఇంకెక్కడా లేదు. పీపీ అంటే పాలీప్రొపిలిన్. టీడీ20 అంటే అందులో నూటికి 20 వంతులు టాల్క్ పొడి కలిపారని. తేలిగ్గా, చవగ్గా ఉంటుంది కాబట్టి డోర్ ప్యాడ్లూ, డ్యాష్‌బోర్డూ, పిల్లర్ల మీద తొడుగులూ చాలా కార్లలో దీనితోనే వస్తాయి.

ఈ పాలీప్రొపిలిన్‌తో ఉన్న చిక్కు మీకూ తెలిసిందే. పెళ్లిళ్లలో వేసే ప్లాస్టిక్ కుర్చీలు కూడా అదే సరుకు. సప్లయర్స్ వాళ్లు వాటి వెనక తమ పేరు పెయింట్‌తో రాసుకుంటారు. నాలుగు పెళ్లిళ్లు తిరిగేసరికి సగం అక్షరాలు రాలిపోయి ఉంటాయి. తామరాకు మీద నీటిబొట్టు ఎలా నిలవదో, ఈ ప్లాస్టిక్ మీద రంగు అలా నిలవదు. దానికి దేన్నీ పట్టుకునే గుణం లేదు. కార్ల కంపెనీలే ఈ ప్లాస్టిక్‌తో చేసిన బంపర్లకి రంగు వేయాలంటే ముందు వాటి మీద గ్యాస్ మంట చకచకా తిప్పడం లాంటి పని ఏదో ఒకటి చేస్తాయి. మంట తగిలితే పైపొర కాస్త మారి రంగుని పట్టుకుంటుంది. మంట లేని చోట క్లోరినేటెడ్ పాలీఒలిఫిన్ అనే రసాయనం ఉన్న ప్రత్యేకమైన ప్రైమర్, అంటే రంగు కింద వేసే పూత, పలచగా కొట్టాలి. షాపుల్లో ప్లాస్టిక్ ప్రైమర్ అని అడిగితే ఇస్తారు, కానీ డబ్బా మీద పాలీప్రొపిలిన్‌కి పనికొస్తుందని రాసి ఉందో లేదో చూసుకోవాలి. నా నాలుగు తలుపులకీ ఆ ఒక్క కోటు లేదు.

గేర్ చుట్టూ ఉండే కన్సోల్, ఏసీ గాలి వచ్చే చోట ఫ్రేములు చాలావరకు ఏబీఎస్ ప్లాస్టిక్. దానితో ఇంత పేచీ లేదు, మామూలు ప్రైమర్‌తోనే రంగు పట్టుకుంటుంది. ఘాటైన థిన్నర్ ఎక్కువగా తగిలితే మాత్రం మెత్తబడి గ్రెయిన్, అంటే పైన తోలు ముడతల్లా ఉండే అచ్చు, కరిగిపోతుంది.

మూడోది రెగ్జిన్. ఆర్మ్‌రెస్ట్ మీదా, తలుపు మధ్యలోనూ, చాలామంది సీట్ల మీదా ఉండేది. రెగ్జిన్ అన్నది నిజానికి ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్లో ఉన్న కంపెనీ పేరు. గుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూత పూసి తోలులా కనిపించే సరుకు చేసేవాళ్లు. ఆ కంపెనీ సంగతి ఇక్కడ ఎవరికీ గుర్తులేదు, పేరు మాత్రం మన సీటు కవర్ల షాపుల్లో బతికే ఉంది. ఇప్పుడు ఆ పేరుతో మనం కొనేది ఎక్కువగా పీవీసీ పూత పూసిన గుడ్డ, అంటే వినైల్. బోరు నీళ్లకి వేసే గట్టి పైపూ, ఈ మెత్తటి రెగ్జినూ ఒకే జాతి. గట్టి పీవీసీకి మెత్తదనం రావడానికి నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. ఎండకి అది కొద్దికొద్దిగా బయటికి వచ్చేస్తూ ఉంటుంది. కొత్త కారులో ముందు అద్దానికి లోపలివైపు జిడ్డుపొర పట్టడం చూసే ఉంటారు, దానికి ఒక కారణం ఇదే. పాతబడ్డ రెగ్జిన్ బిరుసెక్కి పగలడానికీ ఇదే కారణం.

ఈ సంగతి తెలియకుండా రెగ్జిన్ మీద గేట్లకి వేసే ఎనామిల్ కొడితే ఆ ప్లాస్టిసైజర్ రంగులోకి ఎక్కి దాన్ని ఎప్పటికీ ఆరనివ్వదు. నా కారులో పీపీ ఉన్న చోట రంగు పొరలుగా ఊడితే, రెగ్జిన్ ఉన్న చోట బెల్లంపాకంలా చేతికి అంటుకుంది. వినైల్ కోసం చేసే రంగు వేరుగా దొరుకుతుంది. డై అని అమ్ముతారు కానీ బట్టలకి వేసే అద్దకం లాంటిది కాదు, పలచటి పూతే. దానిలోని సాల్వెంట్ రెగ్జిన్ పైపొరని కాస్త ఉబ్బేలా చేస్తుంది, ఆ సందులోకి రంగు దిగి పట్టుకుంటుంది. సాగినా పగలదు. దానికి కింద ప్రైమర్ కూడా అక్కర్లేదు.

ఇదంతా విన్నాక కూడా నాకు ఒక అనుమానం మిగిలింది. ప్రైమర్ లేకపోవడం ఒక్కటే అయితే రంగు ఎక్కడో ఒకచోటైనా పట్టుకుని ఉండాలి కదా. బాబాయ్ అడిగాడు: “డ్యాష్‌బోర్డుకి పాలిష్ కొట్టేవాళ్లా అమ్మా?”

కొట్టేవాళ్లు. ప్రతి ఆదివారం పొద్దున. నాన్న టిఫిన్ అయ్యాక ఒక బనియన్ ముక్కా, నిమ్మకాయ వాసన వచ్చే స్ప్రే డబ్బా పట్టుకుని కారు దగ్గరికి వెళ్లేవారు. డ్యాష్‌బోర్డు, స్టీరింగ్ చుట్టూ, నాలుగు తలుపులూ మెరిసేదాకా రుద్దేవారు. ఆ మెరుపు సిలికాన్ నూనెది. పదేళ్ల ఆదివారాల నూనె గ్రెయిన్ గీతల్లో దిగి కూర్చుంది. దాని మీద రంగు కొడితే అక్కడక్కడా చేపకళ్లలా గుంటలు పడి విడిపోతుంది, లేదా పడినట్టే పడి తర్వాత ఊడుతుంది. ప్రేమగా చేసిన పని ఆ రంగుకి శత్రువైంది. ఇందులో నాన్న తప్పు ఏముంది? ఆ డబ్బా మీద అలా ఎవరూ రాయరు.

కడగడానికి రెండు రోజులు పట్టింది. మొదటి రోజు నేను దగ్గరే కూర్చున్నాను. బాబాయ్ ముందు ఊడాల్సిన నలుపంతా చేత్తో లాగేశాడు. మిగిలిన ముక్కలకి మాస్కింగ్ టేపు అంటించి లాగాడు. తర్వాత బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్. ఒక అడుగు మేర రుద్దడం, నీళ్లు పొయ్యడం, తుడవడం. మొదటిసారి కారిన నీళ్లు పల్చటి టీ రంగులో ఉన్నాయి. రెండోసారి, మూడోసారి కూడా అంతే. నాలుగోసారికి తెల్లబడ్డాయి. నాకైతే అయిపోయిందనిపించింది. ఆయన తెల్ల నూలుగుడ్డని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి ఆర్మ్‌రెస్ట్ మీద ఒక్కసారి లాగి నాకు చూపించాడు. గుడ్డ మీద పసుప్పచ్చటి చార. “ఇది తెల్లగా వచ్చేదాకా గన్ ముట్టుకోను” అన్నాడు. గుడ్డ తెల్లగా వచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది.

గరుకు చేయడానికి ఉప్పుకాగితం వాడలేదు. ఉప్పుకాగితం గ్రెయిన్‌ని కొరికేస్తుందట. ఆ అచ్చు ఒకసారి పోతే మళ్లీ రాదు. బూడిదరంగు స్కాచ్‌బ్రైట్‌తో, బలం పెట్టకుండా, మెరుపు చచ్చేదాకా మాత్రమే రుద్దాడు. ఆ తర్వాత ప్యాడ్‌ని చేత్తో తాకనివ్వలేదు. నేను మరిచిపోయి ఒక వేలు పెడితే, ఆ చోటు మళ్లీ ఆల్కహాల్‌తో తుడిచాడు.

అప్పుడు చూశాను. కడిగిన డోర్ ప్యాడ్, రంగు వెయ్యకముందు, దాదాపు బాగుంది. నల్లబడింది అనుకున్నదాంట్లో ముప్పాతిక మురికే. ప్లాస్టిక్ లోపలి రంగు చెక్కుచెదరలేదు, ఎందుకంటే ఆ రంగు పైన పూసింది కాదు. అచ్చు పోసేటప్పుడే ప్లాస్టిక్‌లో కలిపేస్తారు, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే రంగు. ఆర్మ్‌రెస్ట్ మీద ఎండకి తిరిగిన పసుపు తప్ప మిగతాది అమ్మకి నచ్చిన ఆ రంగే.

నలుపు గురించి నా మనసు మారింది ఇక్కడే. అచ్చులోనే రంగున్న వస్తువుకి గీత పడితే గీత కింద కూడా అదే రంగు. బిస్కెట్ మీద నలుపు వేస్తే పడిన ప్రతి గీతా తెల్లగా పళ్లు బయటపెడుతుంది. తలుపు కింది అంచుకి రోజూ ఎవరో ఒకరి చెప్పు తగులుతుంది. అదే రంగు, లేదా దానికి దగ్గర రంగు వేసుకుంటే గీత పడినా కనపడదు. పైగా ఎంత కొట్టించినా అన్నీ నలుపు కావు. సీటు బెల్టుకి రంగు వెయ్యకూడదు, బ్లీచ్ పెట్టకూడదు; ఆ పట్టీ బలమే మన ప్రాణం. రూఫ్ లైనింగ్ అలాగే ఉంటుంది. తలుపు తీస్తే సందుల్లో పాత రంగు తొంగిచూస్తుంది.

ఇంకోటి ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అనుకునే ప్రాంతం మనది. 2012లోనే సుప్రీంకోర్టు కారు అద్దాలకి నల్ల ఫిల్ములు వద్దంది, కాబట్టి నిలబెట్టిన కారులోకి ఎండ ధారాళంగా వస్తుంది. అమెరికాలో అరిజోనా రాష్ట్రం టెంపేలో చేసిన ఒక పరిశీలన 2018లో అచ్చయింది. ఎండలో గంటసేపు నిలిపిన కార్లలో డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కి చేరింది, స్టీరింగ్ 53కి, సీటు 51కి. అక్కడి ఎండ మన మే నెల ఎండ లాంటిదే. నలుపు ఆ వేడిని ఇంకా ఎక్కువ తాగుతుందని బడి పిల్లలకి కూడా తెలుసు. నా తలుపులు నల్లగా ఉన్న ఆ నెలరోజులూ మధ్యాహ్నం పూట పిడి పట్టుకోవాలంటే చున్నీ అడ్డం పెట్టుకున్నాను. బయట రంగు మారిస్తే ఆర్టీవో ఆఫీసులో చెప్పి ఆర్సీలో రాయించుకోవాలి కాబట్టి పదిసార్లు ఆలోచిస్తాం. లోపలి రంగుకి అడిగేవాళ్లు ఎవరూ లేరు, ఒంటికి తగిలేది మాత్రం అదే.

నలుపు ఉండాల్సిన చోటు ఒకటుంది. డ్యాష్‌బోర్డు పైభాగం. మా కారులో పైన ముదురు బూడిదరంగు, కింద బిస్కెట్. ఇది అందం కోసం పెట్టింది అనుకునేదాన్ని. ముందు అద్దం కింద లేతరంగు ఉంటే ఎండలో దాని ప్రతిబింబం అద్దం మీద పడి రోడ్డు పాలిపోయినట్టు కనిపిస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక బెజవాడ నుంచి హైదరాబాద్ వైపు వెళ్లినవాళ్లకి ఎదురుసూర్యుడు అంటే ఏంటో తెలుసు. ఆ టైంలో అద్దం మీద ఇంకో మెరుపు తోడైతే ముందు వెళ్లే బైక్ కనపడదు. అందుకే పైభాగానికి తెలుపూ, ఎరుపూ, మెరిసే పియానో బ్లాకూ కొట్టించుకునేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. నలుపైనా సరే మెరవకూడదు, మ్యాట్‌గానే ఉండాలి. పాలిష్ కూడా అక్కడ వద్దు.

ఎయిర్‌బ్యాగ్ మూతల మీద గన్ పెట్టకండి. ఇది సలహా కాదు, ప్రాధేయపడుతున్నాను. డ్యాష్‌బోర్డులో ఎడమవైపు, స్టీరింగ్ మధ్యలో ఉండే ఆ మూతలకి వెనక పలచటి గీత ఉంటుంది. బ్యాగ్ తెరుచుకునేటప్పుడు సరిగ్గా అక్కడే చీలాలి, అదీ సెకనులో వెయ్యో వంతుల లెక్కల్లో. దాని మీద రంగు దట్టంగా పడితే చీలే తీరు మారొచ్చు, పెచ్చులు మొహం మీదకి ఎగరొచ్చు. మన దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి, పక్క సీటుది 2021 నుంచి తప్పనిసరి అయింది. అంటే ఇకపై రంగు కోసం వచ్చే పాత కార్లలో ఆ మూతలున్నవి పెరుగుతూ పోతాయి. తలుపుల్లో, సీట్లలో పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్ వైరు. బ్యాటరీ తీసేసి, తెలిసినవాళ్లు ముట్టుకోవాల్సిన పని.

స్టీరింగ్‌కి కూడా రంగు వద్దన్నాడు బాబాయ్. రోజూ చెమట చేతులు పడే చోట ఏ పూతా ఉండదు, దారంతో కుట్టే తోలు కవర్ వేయించుకోమన్నాడు.

రంగు వేసింది మూడో రోజు. వానాకాలంలో, గాలిలో తేమ ఉన్నప్పుడు కొడితే ఆరేటప్పుడు తెల్లటి మసక తేలుతుందని, కడగడంతో సహా పని మొత్తానికి డిసెంబర్ దాకా ఆగమని ముందే చెప్పాడు, ఆగాను. మంచు విడిచాక పది గంటలకి మొదలుపెట్టాడు. మొదటి కోటు చూసి ఇదేం రంగు అనుకున్నాను. నిండుగా పడలేదు, తుంపరగా చుక్కలు చుక్కలుగా పడింది, కింది రంగు కనిపిస్తూనే ఉంది. పది నిమిషాలు ఆగి ఇంకోటి, మళ్లీ ఆగి ఇంకోటి. జానెడున్నర దూరం నుంచి, చెయ్యి ఒక్కచోట ఆపకుండా. అలా నాలుగుసార్లు. గ్రెయిన్ గీతలు పూడకుండా ఉండాలంటే ఇదొక్కటే దారి. అందుకే ఎక్కువ డబ్బిస్తాను దట్టంగా కొట్టు అనే మాట ఈ పనిలో పనికిరాదు. రెండు రోజులు ఆరాక, లోపలివైపు కనపడని మూలలో టేపు గట్టిగా అంటించి లాగి చూపించాడు. టేపు శుభ్రంగా వచ్చింది.

రెండు ముందు తలుపులకి అయిదు వేలు తీసుకున్నాడు. షాపువాళ్ల లెక్కతో చూస్తే ఎక్కువే. మా మరిది అదే అన్నాడు: “అంత ఖర్చెందుకు వదినా, సీటు కవర్లూ, స్టిక్కర్లూ వేసేస్తే సరిపోద్ది. లేదా అమ్మేసి కొత్తది తీసుకో.” స్టిక్కర్ మన ఎండకి అంచుల్లో లేస్తుంది, ఊడదీస్తే జిగురు మిగులుతుంది. ఇక అమ్మడం. ఇంజిన్ బాగుంది, ఏసీ బాగుంది, ఇంకో అయిదారేళ్లు తిరుగుతుంది. మోచెయ్యి ఆనించే జానెడు ప్లాస్టిక్ మురికిగా ఉందని దాన్ని వదిలించుకుని ఏడేళ్ల ఈఎంఐ నెత్తికెత్తుకోవడం నాకు న్యాయంగా తోచదు. ఆ అయిదు వేలల్లో రంగు ఖరీదు మహా అయితే పన్నెండొందలు. మిగతాది రెండు రోజులు వంగి కూర్చుని రుద్దిన మనిషి కూలి. ఆ కూలి దగ్గర మనం బేరమాడతాం కాబట్టే షాపుల్లో కడగడం మానేశారు. మధ్యాహ్నానికి ఇచ్చేస్తామనే మాట మన తొందర నుంచే పుట్టింది.

ఇంకొకటి నా కళ్లారా చూసింది. ఆటోనగర్ షెడ్లలో రంగు కొట్టేవాళ్లు మూతికి జేబురుమాలు కట్టుకుంటారు. అది దుమ్ముని కాస్త ఆపుతుందేమో, థిన్నర్ ఆవిరిని ఆపదు. హార్డెనర్ కలిపే రంగుల్లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, అవి ఉబ్బసం తెప్పిస్తాయని వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. బాబాయ్ ఒక కోటుకీ ఇంకో కోటుకీ మధ్య బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడి దగ్గుతాడు. అడిగితే “అలవాటేనమ్మా” అంటాడు. ఆ దగ్గు అలవాటు అనే మాటని నేను ఒప్పుకోలేను. ఇంట్లో డబ్బా స్ప్రేతో సొంతంగా చేసుకునేవాళ్లకి కూడా చెబుతున్నాను, కార్బన్ గుళికలున్న మాస్క్ కొనకుండా మొదలుపెట్టొద్దు, మూసిన గ్యారేజీలో అసలు వద్దు.

ముందు తలుపులు ఇప్పుడు బిస్కెట్ కలర్‌లోనే ఉన్నాయి, పాతదాని కంటే ఒక్క పిసరు ముదురు. వెలుతురు పక్క నుంచి పడితే నాన్న మోచెయ్యి ఆనిన చోట గ్రెయిన్ అరిగిపోయి నున్నగా ఒక మచ్చ తెలుస్తుంది. దాన్ని రంగు కప్పలేదు. లప్పం పెట్టి గ్రెయిన్ అచ్చు కొట్టమంటావా అని బాబాయ్ అడిగితే వద్దన్నాను.

వెనక రెండు తలుపుల మీద ఆ షాపు నలుపు ఇంకా పెచ్చులుగా వేలాడుతోంది. ఈ డిసెంబర్‌కి తెమ్మన్నాడు. రెండు మాస్కులు, వాటికి మార్చే కార్బన్ గుళికలు ముందే తెప్పించి కారు డిక్కీలో పెట్టాను. ఒకటి ఆయనకి, ఒకటి ఆయన దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి.